ముందుచూపే ప్రాణరక్షణ
(సైనిక హెలికాప్టరుల సంరక్షణము, వైమానికుల శీతలకవచము)

ప్రతి సంవత్సరమును మన పాఠశాల సంచికలో, పిల్లలును తల్లిదండ్రులును కలిసి కూర్చుండి చదువుకొనదగిన శాస్త్రపాఠ మొకదానిని చేర్చుట వాడుక. ఈ యేటి పాఠమునకు సైనిక హెలికాప్టరుల సంరక్షణమును, వానిని నడపు వైమానికుల దేహమును చల్లగా నుంచు పరికరముల సంరక్షణమును విషయముగా గ్రహించితిని.

ఇది యుద్ధవిద్య గదా, మన పిల్లలకు దీనితో నేమి పని యని కొందఱు అడుగవచ్చును. గంజాం జిల్లాలో, సముద్రమునకు దాపున నివసించు మనము అట్లు అడుగరాదు. 1999వ సంవత్సరము అక్టోబరు 29వ తేదీన పెనుతుపాను ఒడిశా తీరమును ముంచివేసినప్పుడు, త్రోవలు తెగి నీటి నడుమ చిక్కుకొన్న గ్రామములకు ఆహారపు పొట్లములను ఆకాశమునుండి జాఱవిడిచినవి మన వాయుసేన హెలికాప్టరులే. 2013 అక్టోబరు 12వ తేదీన ఫైలిన్ తుపాను మన గోపాలపురము వద్దనే తీరము దాటినది. అట్టి దినమున యంత్రము లేచునా లేవదా అనునది ఆ దినముననే తేలు విషయము కాదు. అంతకు ముందు వారములలో, ఎవరును చూడని షెడ్డులో, ఒక మెకానికు చేసిన చిన్న పనులును, చేయక విడిచిన చిన్న పనులును దానిని ముందే నిర్ణయించి యుంచును.

1. బర్మా అడవిలో మొదటి పాఠము

హెలికాప్టరు యుద్ధరంగమున మొదట మనుష్యులను కాపాడినది మన దేశపు సరిహద్దున కావలనే. 1944 ఏప్రిలు నెల చివర, బర్మా అడవిలో జపానువారి సేనల వెనుక భాగమున ఒక చిన్న విమానము కూలినది. దానిలోని అమెరికను పైలటును, గాయపడిన ముగ్గురు బ్రిటిషు సైనికులును అచ్చట చిక్కుకొనిరి. వారిని తెచ్చుటకై అస్సాములోని లాలాఘాట్ విమానస్థలమునుండి కార్టర్ హార్మన్ అను అమెరికను లెఫ్టినెంటు సికోర్‌స్కీ సంస్థ నిర్మించిన చిన్న హెలికాప్టరులో బయలుదేరెను.

ఆ యంత్రమున పైలటుగాక ఒక్క మనిషికి మాత్రమే చోటు. ఎండ తీవ్రము, గాలిలో తేమ అధికము. ఇద్దరిని ఒకరి తరువాత ఒకరిని దాటించునప్పటికి ఇంజను మితిమీఱి వేడెక్కినది. మిగిలిన ఇద్దరి కొఱకు అతడు మఱునాటివరకు ఆగవలసి వచ్చెను. మఱునాడు వారినిగూడ తెచ్చెను. నలుగురును బ్రతికిరి.

ఇందు గమనింపవలసిన శాస్త్రవిషయ మొకటి గలదు. వేడెక్కిన గాలి వ్యాకోచించి పలుచనగును. పలుచని గాలిని రెక్క ఎంత త్రోసినను, అది యంత్రమును పైకి లేపు బలము తగ్గును. ఇంజను పీల్చు గాలియు పలుచనగుటచే దాని శక్తియు తగ్గును. కావున ఎండకాలపు హెలికాప్టరు రెండు విధముల బలహీనమగును. దానిలో కూర్చున్న మనిషి మూడవ విధముగా బలహీనుడగును. ఆ సంగతి ముందు చెప్పెదను.

2. హెలికాప్టరు త్వరగా అఱుగుట కేమి కారణము?

సామాన్య విమానమునకు రెక్కలు కదలవు. విమానము ముందుకు పోవుచుండగా గాలి వానిపై ప్రవహించి దానిని నిలుపును. హెలికాప్టరునకు రెక్కలే తిరుగుచుండును. అమెరికను సైన్యము 1979నుండి వాడుచున్న బ్లాక్ హాక్ అను హెలికాప్టరును ఉదాహరణముగా తీసికొందము. దానికి నడినెత్తిన నాలుగు పెద్ద రెక్కలు గలవు. అవి నిమిషమునకు సుమారు 258 చుట్లు తిరుగును. గంటకు 15,480 చుట్లు. వేయి గంటలలో ఒక కోటి యేబది నాలుగు లక్షల యెనుబది వేల చుట్లు.

హెలికాప్టరు ముందుకు సాగుచుండగా, ఒక ప్రక్క రెక్క గాలి కెదురుగా పోవును. రెండవ ప్రక్క రెక్క గాలితోపాటు వెనుకకు పోవును. రెండింటికిని తగులు గాలివేగము సమానము కాదు. అందుచే ప్రతి రెక్కయు ప్రతి చుట్టులోను ఒకసారి పైకి లేచి, ఒకసారి క్రిందికి దిగును. అనగా ఆ లోహము వేయి గంటలలో కోటిన్నరకు పైగా వంగి మరల నిటారగుచున్నదన్నమాట.

ఒక ఇనుపతీగను చేతబట్టి ఒక్కసారి వంచిన విఱుగదు. అదే చోట అటునిటు పలుమారులు వంచినచో ఫట్టున తెగును. పిల్లలందఱు ఇది చేసి చూచినవారే. లోహము బడలిక చెందుట యనగా ఇదియే. తెగుటకు ముందు తీగపై కంటికి కానరాని సన్నని పగులు పుట్టును. ఆ పగులు పుట్టిన నాటికిని తెగిన నాటికిని నడుమ కొంత కాలము గలదు. సంరక్షణశాస్త్ర మంతయు ఆ నడిమి కాలముపై ఆధారపడి యున్నది. పగులును ఆ వ్యవధిలో కనిపెట్టినవాడు ప్రాణము నిలిపినవాడు.

3. పనివాని కన్ను

సైన్యములలో ఈ పనిని మూడు వేళలుగా విభజించిరి: ఎగురుటకు ముందు, ఎగురుచున్నప్పుడు, దిగిన పిదప. ఏ వేళ ఏది చూడవలెనో పట్టిక యుండును. "నాకు జ్ఞాపకమున్నదిలే" అనువాడు పట్టికను ప్రక్కన పెట్టుటకు వీలులేదు. పది సంవత్సరముల అనుభవము గలవాడును వరుస తప్పక చదివి చూడవలసినదే. వారు వాడు ఉపాయములు కొన్ని మిక్కిలి సరళములు. పెద్ద పరికరములు లేకయే పనిచేయునవి.

మొదటిది రంగు గీత. నట్టును తగిన బలముతో బిగించిన పిదప, నట్టుమీదనుండి దాని క్రింది భాగముమీదికి సాగునట్లు ఒక రంగు గీతను గీయుదురు. అదురునకు నట్టు వెంట్రుకవాసి తిరిగినను గీత రెండు ముక్కలై కనబడును. చేయి వేయనక్కఱలేదు, చూచిన చాలును.

రెండవది అయస్కాంతపు బిరడా. గేరుపెట్టెలోని నూనెలో చిన్న అయస్కాంత మొకటి యుండును. లోపలి పళ్లచక్రము అఱిగి ఇనుపపొట్టు రాలినచో అది అయస్కాంతమునకు అంటుకొని, పైలటు ముందున్న దీపమును వెలిగించును. ఇదిగాక, నూనెను కొంత తీసి ప్రయోగశాలకు పంపి, దానిలో ఏ లోహము ఎంత యున్నదో పరీక్షింతురు. వైద్యుడు రక్తపరీక్షచే లోపలి రోగమును కనిపెట్టునట్లు, వీరు నూనెపరీక్షచే ఏ బేరింగు అఱుగుచున్నదో తెలిసికొందురు.

మూడవది ఆయుఃపరిమితి. కొన్ని భాగములకు ఇన్ని గంటలని ఆయుర్దాయము నిర్ణయింపబడి యుండును. ఆ గంటలు నిండినంతనే, భాగము చూచుటకు క్రొత్తదానివలె మెఱయుచున్నను, తీసివేయుదురు. మన యిండ్లలో నిది దుబారాగా తోచును. కాని బడలిక కన్నులకు కనబడదని పైన చెప్పితిమి గదా. కనబడనిదానిని లెక్కతోనే పట్టవలెను.

నాలుగవది పనిముట్ల లెక్క. ప్రతి పానాకును, ప్రతి స్క్రూడ్రైవరును పెట్టెలో దాని యాకారమునకు సరిపోవునట్లు కోసిన చోట నుంచుదురు. పని ముగిసిన పిదప ఒక చోటు ఖాళీగా కనబడినచో, ఆ పనిముట్టు దొరకువరకు యంత్రము ఎగురరాదు. మఱచిన పానా ఇంజనులోనికి పోయినను, నియంత్రణపు కడ్డీల నడుమ ఇఱుకుకొన్నను ఫలిత మేమగునో వేఱుగా చెప్పనక్కఱలేదు.

అయిదవది ఎఱ్ఱ గుణింతపు గుర్తు. అమెరికను సైన్యమున ప్రతి హెలికాప్టరునకు ఒక లెక్కపుస్తకము గలదు. ఎగురుట కపాయకరమైన లోపము కనబడినప్పుడు, దానిలో రెండు ఎఱ్ఱ గీతలు అడ్డముగా దాటునట్లు గుర్తు వేయుదురు. ఆ గుర్తు ఉన్నంతవరకు ఆ యంత్రము నేల విడువరాదు. లోపము సరిచేసి, అధికారము పొందిన పరీక్షకుడు తన సంతకముతో దానిని తీసివేయవలెను. తొందరలో నున్న పైలటు ఎంత పెద్ద హోదా గలవాడైనను ఆ గుర్తును త్రోసిపుచ్చి బయలుదేరుట నియమవిరుద్ధము. నూనె చేతుల మెకానికు వ్రాసిన గుర్తునకు పైయధికారి తల యొగ్గుట యందే ఆ వ్యవస్థకు బలము గలదు.

4. ఇసుకయు ఉప్పును

హెలికాప్టరు ఎడారిలో దిగునప్పుడు తన రెక్కలగాలిచే తానే ధూళిమేఘమును లేపును. ఆ ఇసుక రెండు చోట్ల హాని చేయును. రెక్కల ముందంచును ఆకురాయివలె గీకివేయును. దానికి అడ్డుగా ముందంచున గట్టి లోహపు పట్టీని తొడుగుదురు. రాత్రివేళ ఇసుకరేణువులు ఆ పట్టీని తాకి నిప్పురవ్వలు లేచి, రెక్కలచుట్టు వెలుగువలయము కనబడును. అఫ్ఘనిస్థానమున 2009లో తీసిన అట్టి ఛాయాచిత్రములు లోకమునకు ఆశ్చర్యము గొలిపినవి. చూచువారికది అందము, మెకానికుకు మాత్రము పట్టీ అఱుగుచున్నదను హెచ్చరిక.

రెండవ హాని ఇంజనునకు. టర్బైను ఇంజను లోపలి వేడిమికి ఇసుక కరగి గాజువలె భాగములకు అంటుకొనును. బ్లాక్ హాక్ ఇంజను నోటివద్ద, లోనికి వచ్చు గాలిని సుడి త్రిప్పు అమరిక యొకటి గలదు. మజ్జిగ చిలుకునప్పుడు తుంపరలు చుట్టును చిమ్మబడునట్లు, ఆ సుడిలో బరువైన ఇసుక అంచునకు పోయి వెలుపలికి విసరివేయబడును. తేలికయైన గాలి నడుమనుండి లోనికి పోవును. ఐనను అతి సన్నని ధూళి కొంత దాటిపోకమానదు. కావున ఇంజనును నియమిత కాలమునకు కడుగుట తప్పదు.

సముద్రతీరమున శత్రువు వేఱు. మన యిండ్ల కిటికీ ఊచలు, సైకిలు గొలుసులు, రేకుల కప్పులు ఎంత త్వరగా త్రుప్పుపట్టునో మనకు తెలియును. ఉప్పుగాలి హెలికాప్టరుపైనను అట్లే పనిచేయును. విశాఖపట్టణమున నౌకాదళమువారి విమానస్థావర మొకటి గలదు. దాని పేరు ఐ.ఎన్.ఎస్. డేగ. ఆ పేరు మన తెలుగువారి చెవికి క్రొత్తగాదు. అట్టి తీరస్థావరములలోను, ఓడలమీదను పనిచేయు హెలికాప్టరులను మంచినీటితో కడిగి ఉప్పును పోగొట్టుట, పిదప ఆఱనిచ్చి త్రుప్పునాపు ద్రవమును పూయుట, సంరక్షణలో ముఖ్యభాగము. మంచినీళ్ల స్నానము! ఇంతకంటె సులభమైన పని లేదు. ఇంతకంటె తేలికగా వాయిదా వేయబడునదియు లేదు.

5. ఎడారిలో ఒక రాత్రి

1980 ఏప్రిలు 24వ తేదీన, ఇరానులో బందీలుగా నుంచబడిన తమ రాయబార కార్యాలయపు సిబ్బందిని విడిపించుటకై అమెరికనులు ఒక సాహసకార్యమునకు పూనుకొనిరి. నిమిట్జ్ అను విమానవాహక నౌకనుండి ఎనిమిది పెద్ద హెలికాప్టరులు బయలుదేరినవి. అవి రాత్రి ఎడారిలో ఒక గుర్తించిన చోటికి చేరవలెను. కార్యము సాగుటకు కనీసము ఆఱు హెలికాప్టరులు కావలెనని ముందే నిర్ణయించుకొనిరి.

త్రోవలో ఒక హెలికాప్టరున రెక్కకు పగులు పట్టినదని హెచ్చరిక వచ్చెను. ఆ రెక్కల లోపలి బోలు కమ్మీలో నత్రజనివాయువును ఒత్తిడితో నింపి యుంచెదరు. కమ్మీ పగిలినచో వాయువు బయటికి పోయి, ఒత్తిడి తగ్గి, సూచిక మాఱును. పైలటు దానిని నమ్మి ఎడారిలో దింపి, యంత్రమును అచ్చటనే విడిచెను. రెండవ హెలికాప్టరు దట్టమైన ధూళితుపానులో చిక్కుకొనెను. దాని దిశాసూచక పరికరములకు శక్తినిచ్చు భాగమును చల్లబఱచు పంకా వేడెక్కి ఆగిపోయినందున, దారి తెలియక అది నౌకకు మరలిపోయెను. మిగిలిన ఆఱును గమ్యము చేరినవి గాని, వానిలో ఒకదాని హైడ్రాలిక్ ద్రవము కాఱిపోయి పంపు చెడియుండెను. నడపుటకు మిగిలినవి అయిదు.

కార్యమును విరమింపవలసి వచ్చెను. తిరుగు ప్రయాణమునకు సిద్ధమగుచు ఒక హెలికాప్టరు ధూళిలో కదలి, నేలపై నిలిచియున్న రవాణా విమానమును ఢీకొనెను. మంటలలో ఎనిమిదిమంది సైనికులు మరణించిరి.

దీని నంతటిని మెకానికులమీదికి నెట్టుట న్యాయము కాదు. ధూళితుపాను, ప్రణాళిక, వేర్వేఱు దళములు కలిసి తగినంత అభ్యాసము చేయకపోవుట, ఇవన్నియు కారణములే. నేను చూపదలచినది వేఱొకటి. మూడు హెలికాప్టరులును శత్రువు తుపాకికి చెడలేదు. ఒకటి వాయువు తగ్గినందున, ఒకటి పంకా ఆగినందున, ఒకటి ద్రవము కాఱినందున పనికిరాకపోయినవి. రెక్కపగులు హెచ్చరికను మన్నించి దింపిన పైలటును తప్పుపట్టుటకును వీలులేదు. హెచ్చరిక వచ్చిన పిదప దానిని లెక్కచేయకుండుట సాహసము కాదు, అవివేకము.

6. నడపువాడును యంత్రమే

ఇంతవరకు ఇనుము సంగతి చెప్పితిని. ఇక దానిలో కూర్చున్న మనిషి సంగతి.

మన దేహపు లోవేడిమి సుమారు 37 డిగ్రీల సెంటిగ్రేడు. ఎండలో దానిని నిలుపుటకు దేహమునకు గల గొప్ప సాధనము చెమట. ఒక లీటరు చెమట ఆవిరియగుటకు దాదాపు 580 కిలో కేలరీల వేడిమి కావలెను. లీటరు నీటిని గడ్డకట్టు స్థితినుండి మరుగు స్థితికి తెచ్చుటకు 100 కిలో కేలరీలే చాలును. చెమట ఎంత చల్లదనము నిచ్చునో ఈ లెక్కవలన తెలియగలదు. కాని చెమట కాఱిన చాలదు, ఆవిరి కావలెను. మన తీరమున తేమగాలిలో 35 డిగ్రీలకే ప్రాణము విసుగుట యిందుచేతనే.

సైనిక పైలటు వేసికొనునది చూడుడు: నిప్పంటని దుస్తులు, తూటా నాపు కవచము, ఆపత్కాలపు సామగ్రి కుట్టిన చొక్కా, శిరస్త్రాణము. విషవాయువు భయ మున్నచో వానికితోడు గాలి చొరని మఱియొక దుస్తు. పైని అద్దపు గది. ఎండ లోనికి వచ్చును గాని వేడి బయటికి పోదు. అతనికి చెమట కాఱును, దుస్తులు తడియును, కాని ఆవిరి కాదు. దేహము నీటిని కోల్పోవునేగాని చల్లబడదు.

దేహపు బరువులో నూటికి రెండుపాళ్లు నీరు తగ్గినచో, అనగా అఱువది కిలోల మనిషికి లీటరుంబావు లోపుననే, పని చురుకు తగ్గుట ఆరంభమగును. దృష్టి నిలువదు, లెక్క తప్పును, సూచిక కనబడియు మనసున కెక్కదు. దేహపు వేడిమి 40 డిగ్రీలు దాటి తెలివి తప్పినచో అది వడదెబ్బ, ప్రాణాంతకము. భూమికి నూఱడుగుల యెత్తున, చీకటిలో, పదిమందిని మోయుచున్న యంత్రమును నడపువానికి ఒక్క క్షణపు మఱపు చాలును. అన్ని రెక్కలను సరిచూచి, అన్ని నట్లను బిగించి, నడపువాని దేహమును మఱచినచో సంరక్షణము పూర్తి యైనట్లు కాదు.

7. శీతలకవచము

దీనికి విరుగుడుగా 1960 తరువాత మొదటి యేండ్లలో ఇంగ్లండులోని ఫార్న్‌బరో విమానపరిశోధనశాలలో, సన్నని గొట్టములు కుట్టిన లోదుస్తును తయారుచేసిరి. గొట్టములలో చల్లని నీరు ప్రవహించుచుండును. దేహపు వేడిని ఆ నీరు గ్రహించి మోసికొనిపోవును. చెమట ఆవిరి కానక్కఱలేకయే దేహము చల్లబడును. ఈ యుపాయమునే అమెరికనులు చంద్రయాత్రలో గ్రహించిరి. 1969లో చంద్రునిపై నడచినవారు లోపల ధరించినది ఇట్టి నీటిగొట్టముల దుస్తే.

ఇరాకు యుద్ధకాలమున బ్లాక్ హాక్ సిబ్బందికై అమెరికను సైన్యము ఈ పద్ధతిని సమకూర్చినది. హెలికాప్టరులో చిన్న శీతలయంత్ర మొకటి బిగింపబడును. అది మన యింటి ఫ్రిజ్జువలెనే కంప్రెసరుతో పనిచేయును. గడ్డకట్టనీయని ద్రవము కలిపిన నీటిని చల్లబఱచి, గొట్టముద్వారా సిబ్బంది తొడుగుకొన్న చొక్కాలోనికి పంపును. వెచ్చనైన నీరు మరల యంత్రమునకు తిరిగివచ్చును. ప్రమాదమున సిబ్బంది దుముకవలసి వచ్చినచో గొట్టము క్షణములో విడిపోవునట్లు బిగింపు నమర్తురు.

ఇందొక చిత్రము గలదు. నీరు ఎంత చల్లగా నున్న అంత మేలని తోచును. కాని మితిమీఱి చల్లనైనచో చర్మమునందలి రక్తనాళములు ముడుచుకొని, లోని వేడి పైకి రాకుండ ఆగిపోవును. పై చర్మము చల్లన, లోపల వేడి. కావున హితమగు చల్లదనమే పనిచేయును, అతిశీతలము పనిచేయదు.

ఈ కవచమును కాపాడుకొనుటకు వలయు జాగ్రత్తలు సామాన్యమైనవి:

గొట్టము మడతపడరాదు. మడతపడినచోట నీరు ఆగును. అక్కడినుండి చొక్కా వట్టి బరువే.

బిగింపుల నోళ్లకు మూతలు పెట్టవలెను. ఇసుకరేణు వొక్కటి చేరినను బిగింపు సరిగా కూర్చొనక నీరు కాఱును.

నీటిమట్టమును ఎగురుటకు ముందే చూడవలెను. మట్టము తగ్గినచో పోసి ఊరకుండరాదు. ఎక్కడ కాఱినదో వెదకవలెను. తగ్గిన నీరు ఎక్కడికో పోయియే తగ్గియుండును.

శీతలయంత్రము గాలి పీల్చు కంతలకు సంచులను, దుస్తులను అడ్డుపెట్టరాదు. వేడి బయటికి పోవుటకు దారి లేనిచో చల్లబఱచు యంత్రమే మొదట వేడెక్కును.

చొక్కాను పిండరాదు, బాదరాదు. చేతితో మెల్లగా ఉతికి నీడను ఆఱవేయవలెను. మడత నలుగకుండ వ్రేలాడదీయవలెను.

చివరిది ముఖ్యము: చొక్కా ఉన్నదిగదా యని నీరు త్రాగుట మానరాదు.

8. సైనికుని భాషలో సైనికునికి

ఇట్టి నియమములు ప్రతి సైన్యమునను గ్రంథములలో వ్రాయబడియే యున్నవి. ఐనను యంత్రములు చెడుచునే యుండెను. రెండవ ప్రపంచయుద్ధమున అమెరికను సైన్యమువారు దీనికి కారణము నరసిరి. లావుపాటి గ్రంథములలోని భాష పల్లెనుండి వచ్చిన పడుచువానికి అర్థము కాకుండెను. విల్ ఐస్నర్ అను బొమ్మల రచయిత అప్పుడు సైన్యమున పనిచేయుచు, జో డోప్ అను మందబుద్ధి సైనికుని సృష్టించి, వాని తప్పులను బొమ్మలలో చూపి అందఱిని నవ్వించుచు పని నేర్పెను.

కొరియా యుద్ధము సాగుచుండగా 1951 జూనులో అమెరికను సైన్యము సంరక్షణ విషయములకే ప్రత్యేకించిన చిన్న మాసపత్రికను ప్రారంభించినది. దాని పేరు పి.ఎస్. ఉత్తరము ముగిసిన పిదప అడుగున చేర్చు మాట యని ఆ యక్షరముల కర్థము. అనగా పెద్ద గ్రంథములకు తోకమాట. జేబులో పట్టునంత పుస్తకము. బొమ్మలు, హాస్యము, సైనికులు నిత్యము మాటలాడుకొను భాష. ఐస్నర్ 1971 వఱకు దానికి బొమ్మలు సమకూర్చెను. గొట్టమును మడవకుమనియు, మూతను మఱువకుమనియు, నట్టును రెండుసారులు చూడుమనియు అది దశాబ్దములపాటు చెప్పుచు వచ్చెను.

ఈ చరిత్రలో మన పాఠశాలకు పనికివచ్చు విషయము గలదు. తెలుగు మాధ్యమమున చదివిన పిల్లవాడు యంత్రవిద్యలో వెనుకబడునేమో యని చింతించు తల్లిదండ్రులు మనలో గలరు. వారి చింతను నేను తేలికగా తీసివేయను. బేరింగు, గేరు, హైడ్రాలిక్ అను పేర్లు నేడు ఎవరికైనను ఆంగ్లమున రావలసినవే; మన పిల్లలకును నేర్పుచున్నాము. చుట్టును వినబడు ఒడియాయు వారికి వచ్చును. కాని తీగ ఎందుకు తెగునో, తేమలో చెమట ఎందుకు ఆఱదో, మూత ఎందుకు పెట్టవలెనో అనునది ఇంటి భాషలో ఒకసారి మనసున నాటినచో, పేరు ఏ భాషలో వచ్చినను ఆ యర్థము తొలగదు. కారణము తెలియక పట్టికను వల్లించినవాడు తొందరలో ఒక వరుసను దాటవేయును. కారణ మెఱిగినవాడు దాటవేయలేడు. అమెరికను సైన్యము తన సొంత భాషలోనే, ఇంకను సొంతమైన మాటలకు దిగి చెప్పవలసి వచ్చినదనుట మఱువరాదు.

9. తల్లిదండ్రులకు మనవి

మన సమాజమున క్రొత్తది కట్టినవానికి గౌరవము మెండు. ఉన్నదానిని నిలిపినవానికి తక్కువ. పైలటు కావలెనని పిల్లవాడు చెప్పిన ఇల్లంతయు సంతోషించును. మెకానికు నగుదునన్నచో ముఖము చిన్నబుచ్చుకొనును. ఎఱ్ఱ గుర్తు వేసి యంత్రమును ఆపు మెకానికు లేనిచో పైలటు ఎన్నాళ్లు బ్రతుకునో ఈ పాఠము చదివినవారు ఆలోచింపగలరు. ఐ.టి.ఐ.లో చేరి ఫిట్టరుపనియో, ఎలక్ట్రీషియనుపనియో నేర్చుకొనగోరు పిల్లవానిని నిరుత్సాహపఱచవలదని నా మనవి.

ఇంటిలోనే ఈ విద్యను ఆరంభింపవచ్చును. నెలకొక ఆదివారము పిల్లలచేత ఒక చిన్న పట్టిక వ్రాయింపుడు: సైకిలు బ్రేకులు, గొలుసు నూనె, గ్యాసు సిలిండరు రబ్బరుగొట్టముపై పగుళ్లు, స్విచ్చుబోర్డులో వేడి, పంకా కొక్కెము. చూచినదానికి తేదీ వేసి సంతకము చేయుమనుడు. లోపము కనబడినచో ఎఱ్ఱ గుర్తు వేయు అధికారమును పిల్లవాని కిండు. వాడు సైకిలుకు ఎఱ్ఱ గుర్తు వేసిన దినమున, తండ్రికి ఎంత తొందరయైనను దానిని ఎక్కకుండుట మర్యాద. ఆ యొక్క దినముతో వాడు నేర్చుకొనునది సంవత్సరపు పాఠములకు సరిపోవును.

ఎండకాలమున పిల్లలను దప్పికకు ముందే నీరు త్రాగింపుడు. మిట్టమధ్యాహ్నపు ఆటలు మాన్పింపుడు. ఎండనుండి వచ్చినవాడు తడబడి మాటలాడినను, దేహము కాలుచున్నను, నీడకు చేర్చి తడిగుడ్డతో తుడిచి, విసరి, ఆలసింపక వైద్యుని యొద్దకు కొనిపోవలెను.

ఇంటిలో చర్చింపదగిన ప్రశ్నలు

(1) వేడిగాలిలో హెలికాప్టరు బరువు మోయలేకపోవుటకు కారణములు రెండు చెప్పుము.
(2) నిమిషమునకు 258 చుట్లు తిరుగు రెక్క రెండున్నర గంటలలో ఎన్ని చుట్లు తిరుగును?
(3) చూచుటకు బాగుగా నున్న భాగమును గంటలు నిండినంతనే తీసివేయుట దుబారాయా? మీ యింటిలో అట్లు మార్పదగిన వస్తు వేది?
(4) బోలురెక్కలో వాయువును నింపి పగులును కనిపెట్టు ఉపాయమును సైకిలు ట్యూబుతో పోల్చి వివరింపుము.
(5) తేమ అధికముగానున్న దినమున చెమట కాఱినను చల్లదనము కలుగదేల?
(6) శీతలకవచమున నీరు అతిచల్లగా నుండరాదనుటకు కారణ మేమి?

ఈ ప్రశ్నలకు సమాధానములు వ్రాసి తెచ్చిన విద్యార్థుల పుస్తకములను నేనే దిద్దెదను. తల్లిదండ్రులు వ్రాసి పంపినను ఆనందముతో చదివెదను.

— ప్రధానోపాధ్యాయుడు